నడివయసులో దారి మారిన న్యూమన్

ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవిత విశేషాలు రాసి పంపమని మన సంఘం కార్యదర్శి గారు ఫోను చేశారు. విశ్వేశ్వరయ్య గారి గురించి, ప్రకాశం పంతులు గారి గురించి నాకన్నా బాగా రాయగలవారు మనలో ఉన్నారు. కనుక మన సభ్యుల్లో చాలామందికి అంతగా పరిచయం లేని ఒక ఇంగ్లీషు మతగురువును ఎంచుకున్నాను. ఆయన పేరు జాన్ హెన్రీ న్యూమన్. నలభై నాలుగో ఏట ఆయన తన చర్చిని విడిచి రోమన్ కాథలిక్ చర్చిలో చేరారు. మన పత్రికలో మతచర్చలు కూడదన్న నియమం నాకు తెలుసు. ఇది మత ప్రచారం కాదు. ఏ శాఖ గొప్పది అన్న వాదన కూడా కాదు. ఆయన జీవితం చదివిన తర్వాత నేను ఒక తప్పు దిద్దుకున్నాను. అందుకే రాస్తున్నాను.

ముందు ఆ తప్పు ఏమిటో చెప్పాలి. మన ఊళ్ళల్లో ఆర్.సి.ఎం. చర్చి, సి.ఎస్.ఐ. చర్చి అని వేరువేరుగా ఉండటం అందరూ చూసే ఉంటారు. ఆర్.సి.ఎం. అంటే రోమన్ కాథలిక్కులది. ఆంగ్లికన్, మెథడిస్టు మొదలైన ప్రొటెస్టెంటు శాఖలు కలిసి 1947లో సి.ఎస్.ఐ.గా ఏర్పడ్డాయి. మాది తాతల నాటి నుంచి సి.ఎస్.ఐ. కుటుంబం. నాతో ఒకే సెక్షన్లో ఇరవై ఆరేళ్ళు పనిచేసిన మిత్రుడిదీ అదే చర్చి. ఆఫీసులో పక్క పక్క టేబుళ్ళు, ఆదివారం పక్క పక్క బెంచీలు. రిటైరయ్యాక 2011లో, తన అరవై ఒకటో ఏట, ఆయన ఆర్.సి.ఎం. చర్చిలో చేరారు. అప్పుడు నేను మా పాస్టరేటు కమిటీలో ఉన్నాను. వాళ్ళ గేటు దగ్గర నిలబడి, కన్నతల్లి ఏ నమ్మకంలో కన్నుమూసిందో దాన్ని వదిలేశారని నలుగురూ వినేలా అన్నాను. ఆయన జవాబు చెప్పలేదు. ఆ తర్వాత పదేళ్ళు మేము మాట్లాడుకోలేదు.

2019 అక్టోబరులో పోపు ఫ్రాన్సిస్ గారు న్యూమన్‌ను పునీతునిగా ప్రకటించారు. ఆ నెలలోనే నా మిత్రుడు న్యూమన్ జీవితచరిత్ర ఒకటి మా మనవడి చేతికిచ్చి పంపారు. దాన్ని విప్పకుండానే బీరువా మీద పెట్టాను. 2020లో లాక్‌డౌన్ వచ్చింది. ఇంట్లో ఉన్న పేపర్లన్నీ అయిపోయాక, వేరే ఏమీ లేక ఆ పుస్తకం దించాను.

న్యూమన్ 1801 ఫిబ్రవరి 21న లండన్‌లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో పెద్దవారు. తండ్రి బ్యాంకు నడిపేవారు. నెపోలియన్ యుద్ధాలు ముగిశాక వచ్చిన ఆర్థిక మాంద్యంలో, 1816లో, ఆ బ్యాంకు మూతపడింది. కుటుంబం కష్టాల్లో పడింది. ఆ ఏడాదే పదిహేనేళ్ళ న్యూమన్ జబ్బుపడ్డారు. అప్పుడే దేవుని మీద గట్టి నమ్మకం కుదిరింది. మరుసటి సంవత్సరం ఆక్స్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కాలేజీలో చదువు మొదలైంది. పెద్దకొడుకు కదా, ఇంటి ఆశలన్నీ ఆయన మీదే. అతిగా చదివి, అలసిపోయి, 1820లో పరీక్ష పాడుచేసుకున్నారు. మార్కుల జాబితాలో పేరు ఎక్కడో అడుగున వచ్చింది. అయినా నిరుత్సాహపడలేదు. 1822లో ఓరియల్ కాలేజీ ఫెలోషిప్ పోటీకి కూర్చొని గెలిచారు. ఆ రోజుల్లో ఆక్స్‌ఫర్డ్‌లో అంతకు మించిన గౌరవం లేదు. అది మనం అనుకునే పర్మనెంటు ఉద్యోగం లాంటిది. పెళ్ళి చేసుకోనంత కాలం, చర్చి నియమాలకు సంతకం చేసి కట్టుబడి ఉన్నంత కాలం, వసతి, భోజనం, జీతం, పరువు అన్నీ ఉంటాయి.

1825లో ఆంగ్లికన్ చర్చిలో గురువయ్యారు. 1828లో యూనివర్సిటీ చర్చి అయిన సెయింట్ మేరీస్‌కు అధిపతి అయ్యారు. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు ఆయన ప్రసంగం. చేతులు ఊపటం, గొంతు పెంచటం లేదు. కాగితం చూసి మెల్లగా చదివేవారు. అయినా విద్యార్థులు వందల సంఖ్యలో వచ్చి కూర్చునేవారు.

ఇటలీ వైపు యాత్రకు వెళ్ళి, 1833లో సిసిలీ దీవిలో ఒంటరిగా తిరుగుతుండగా తీవ్రమైన జ్వరం వచ్చింది. బతుకుతారన్న ఆశ కూడా లేకపోయింది. కోలుకొని, నారింజ పళ్ళ పడవలో తిరిగివస్తుంటే గాలి లేక పడవ సముద్రం మధ్య రోజుల తరబడి నిలిచిపోయింది. అప్పుడు రాసిందే ‘లీడ్ కైండ్లీ లైట్’ అనే గీతం. ఈ గీతం గాంధీగారికి ఎంతో ఇష్టం. నరసింహరావు దివేటియా గుజరాతీలో చేసిన దీని అనువాదాన్ని ఆశ్రమ ప్రార్థనల్లో పాడేవారు. మా చర్చిలోనూ చిన్నప్పటి నుంచి పాడుతున్నదే. రాసిన మనిషి తర్వాత కాథలిక్ అయ్యారని మాత్రం నాకు అరవై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా తెలియదు.

ఆ యాత్ర నుంచి తిరిగివచ్చాక, మిత్రులు జాన్ కీబుల్, ఎడ్వర్డ్ ప్యూసీ మొదలైనవారితో కలిసి ఇంగ్లండు చర్చిని సంస్కరించే ఉద్యమం నడిపారు. దాన్నే ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం అంటారు. తమ చర్చి ప్రభుత్వంలో ఒక శాఖ కాదనీ, అది అపొస్తలుల నుంచి వచ్చిందనీ వారి వాదన. దీనికోసం చిన్న చిన్న కరపత్రాలు వరుసగా వేశారు. అప్పట్లో న్యూమన్‌కు రోము మీద ప్రేమ ఏమీ లేదు. పైగా ఘాటుగానే రాసేవారు.

మరి మనసు ఎలా మారింది? ఎవరో వచ్చి మార్చలేదు. పుస్తకాలు మార్చాయి. తన చర్చి వాదనను గట్టిపరచాలని తొలి శతాబ్దాల మతపెద్దల రచనలు, మహాసభల చరిత్ర చదవసాగారు. 1839 వేసవిలో అయిదో శతాబ్దపు ఒక పాత తగాదాను చదువుతుంటే ఆయనకు గుండె గుభేలుమంది. ఆ తగాదాలో రోము ఒక పక్క నిలబడింది. రాజీమార్గం అనుకొని వేరే చోట నిలబడినవారిని చరిత్ర తప్పు పట్టింది. తమ చర్చి కూడా ఆ రాజీమార్గం వారి చోటులోనే నిలబడి ఉన్నట్టు ఆయనకు కనిపించింది. తన కేసు గెలవటానికి పాత రికార్డులు తీయించి చూస్తే, అవి ఎదుటిపక్షానికి సాక్ష్యం చెప్పినట్టయింది.

అయినా వెంటనే దూకలేదు. ఆరేళ్ళు పట్టింది. ఈ సంగతి నన్ను ఆపి ఆలోచింపజేసింది. నా మిత్రుడు ఏదో ఒక ఉదయం లేచి మారిపోయాడనే నేను అనుకున్నాను. అంతకు ముందు ఆయన ఎన్నేళ్ళు నిద్రపోకుండా ఆలోచించారో నేను ఎన్నడూ అడగలేదు.

1841లో న్యూమన్ రాసిన తొంభయ్యో కరపత్రం పెద్ద గొడవకు దారితీసింది. ఇంగ్లండు చర్చి మూల నియమాలు ముప్పై తొమ్మిది. వాటిని కాథలిక్ నమ్మకాలకు విరుద్ధం కాకుండా కూడా అర్థం చెప్పవచ్చని అందులో వాదించారు. కాలేజీల అధిపతులు ఖండించారు. బిషప్పు కరపత్రాలు ఆపమన్నారు. ఆయన ఆపేశారు. 1842లో ఆక్స్‌ఫర్డ్‌కు రెండు మూడు మైళ్ళ దూరంలోని లిటిల్‌మోర్ అనే పల్లెకు మకాం మార్చారు. గుర్రపు శాలలుగా ఉన్న వరుస కొట్లను గదులుగా మార్పించుకొని, కొద్దిమంది యువకులతో ప్రార్థన, ఉపవాసం, చదువుతో గడిపారు. 1843లో సెయింట్ మేరీస్ పదవికి రాజీనామా ఇచ్చారు. ఆ సెప్టెంబరు 25న లిటిల్‌మోర్ చర్చిలో ఆంగ్లికన్ గురువుగా చివరి ప్రసంగం చేశారు. విషయం, స్నేహితుల ఎడబాటు. ఆ చర్చికి శంకుస్థాపన చేసింది ఆయన తల్లే. వింటున్నవారు వెక్కివెక్కి ఏడ్చారట.

ఇంకా ఒక చిక్కు మిగిలింది. తొలి శతాబ్దాల్లో లేని ఆచారాలు రోములో తర్వాత ఎన్నో వచ్చాయి కదా, అవి కల్తీ కాదా అన్నది. ఈ ప్రశ్నకు జవాబుగా 1845లో ఒక పుస్తకం మొదలుపెట్టారు. గంటల తరబడి డెస్కు ముందు నిలబడి రాసేవారు. అందులోని సారాన్ని మన భాషలో ఇలా చెప్పుకోవచ్చు. మన సర్వీసు రిజిస్టరులో ఉద్యోగంలో చేరిన నాటి ఫోటో ఉంటుంది. ఇప్పుడు పెన్షన్ పుస్తకంలో ఉన్న ఫోటో వేరు. జుట్టు పోయింది, కళ్ళద్దాలు వచ్చాయి. అయినా మనిషి ఒకడే. పెరుగుదల వేరు, చెడిపోవటం వేరు అన్నది ఆయన వాదన. ఈ వాదన అందరూ ఒప్పుకోనక్కరలేదు. నేనూ ఒప్పుకోలేదు. ఆయన మాత్రం పుస్తకం పూర్తికాకముందే ఒప్పుకున్నారు. కలం పక్కన పెట్టేశారు.

1845 అక్టోబరు 3న ఓరియల్ ఫెలోషిప్‌కు రాజీనామా రాశారు. ఇరవై మూడేళ్ళ సర్వీసు, పెన్షన్ లేదు, వెనక ఆస్తి లేదు. అక్టోబరు 8 రాత్రి, డొమినిక్ బార్బెరి అనే ఇటాలియన్ ఫాదర్ లిటిల్‌మోర్ వచ్చారు. ఆయన పేద రైతుబిడ్డ. ఇంగ్లీషు అంతంతమాత్రం. గుర్రపు బండి పైన కూర్చొని అయిదు గంటలు వానలో తడిసి వచ్చారు. నిప్పు దగ్గర బట్టలు ఆరబెట్టుకుంటుంటే, ఆక్స్‌ఫర్డ్ మేధావి న్యూమన్ లోపలికి వచ్చి ఆయన పాదాల దగ్గర మోకరించి, తనను చర్చిలో చేర్చుకోమని కోరారు. మరుసటి రోజు, అక్టోబరు 9న, కాథలిక్ అయ్యారు.

ఇక్కడితో కథ సుఖాంతం అయిందని అనుకుంటాం. అసలు కష్టం ఇక్కడి నుంచే మొదలైంది. చెల్లెలు హారియెట్ తెగతెంపులు చేసుకుంది. 1852లో ఆమె చనిపోయేదాకా సఖ్యత కుదరలేదు. మరో చెల్లెలు జెమీమా ఉత్తరాలు రాసేది కానీ, మునుపటి చనువు లేదు. కీబుల్‌తో రాకపోకలు ఆగిపోయాయి. 1846 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ వదిలారు. మళ్ళీ ఆ ఊళ్ళో అడుగుపెట్టి ఎవరినీ పలకరించటానికి ముప్పై రెండేళ్ళు పట్టింది.

1847లో రోములో గురుపట్టం పొంది వచ్చి, బర్మింగ్‌హామ్‌లో ఒరేటరీ అనే గురువుల సమాజాన్ని స్థాపించారు. పేద పారిశ్రామిక ప్రాంతం. 1849లో దగ్గరలోని బిల్‌స్టన్‌లో కలరా వ్యాపిస్తే, స్వయంగా వెళ్ళి రోగుల మధ్య పనిచేశారు. చేరిన చోటనైనా ఆదరించారా అంటే, అదీ అంతంతమాత్రమే. చర్చినుంచి బహిష్కృతుడైన ఒక మాజీ గురువు గురించి బహిరంగంగా మాట్లాడినందుకు పరువునష్టం కేసు పడింది. 1853లో కోర్టు నూరు పౌండ్ల జరిమానా వేసింది. డబ్లిన్‌లో కాథలిక్ విశ్వవిద్యాలయానికి రెక్టరుగా 1854 నుంచి నాలుగేళ్ళు శ్రమించినా, బిషప్పుల సహకారం సరిగా దొరక్క వదిలి వచ్చారు. సామాన్య విశ్వాసుల అభిప్రాయానికి కూడా విలువ ఇవ్వాలని 1859లో ఒక వ్యాసం రాస్తే, రోముకు ఫిర్యాదు వెళ్ళింది. పాతవాళ్ళు ద్రోహి అన్నారు, కొత్తవాళ్ళు అనుమానించారు. ఇలా దాదాపు ఇరవై ఏళ్ళు.

1864లో చార్లెస్ కింగ్‌స్లీ అనే రచయిత ఒక పత్రికలో కాథలిక్ గురువులకు నిజం మీద గౌరవం లేదని, అందుకు న్యూమన్‌నే ఉదాహరణగా చూపి రాశారు. ఆయనకప్పుడు అరవై మూడేళ్ళు. మనలో చాలామంది రిటైరై ఇంట్లో కూర్చున్న వయసు. ఆయన తన మనసు మారిన క్రమమంతా చెప్పుకుంటూ, వారం వారం ఒక భాగంగా ఆత్మకథ రాశారు. రాత్రింబవళ్ళు నిలబడి, ఏడుస్తూ రాశారట. పాత మిత్రుల పేర్లు వచ్చిన చోటల్లా గౌరవంగానే రాశారు. ఒక్కరి మీదా నింద లేదు. ‘అపొలోజియా’ అనే ఆ పుస్తకం చదివాక, ఆయన మతం ఒప్పుకోని ఇంగ్లీషువాళ్ళు కూడా ఆయన నిజాయితీని ఒప్పుకున్నారు.

స్నేహాలు తిరిగి కలవటం అంతకు ముందే మొదలైంది. పదిహేడేళ్ళ మౌనం తర్వాత 1863లో కీబుల్ గారే ముందుగా ఉత్తరం రాశారు. 1865 సెప్టెంబరులో న్యూమన్ ఆయనను చూడటానికి హర్స్‌లీ అనే పల్లెకు వెళ్ళారు. తలుపు దగ్గర కీబుల్ గారే నిలబడి ఉన్నారు. ఇరవై ఏళ్ళయింది. ఈయన ఎవరో ఆయనకు తెలియలేదు. ఆయన ఎవరో ఈయనకూ తెలియలేదు. న్యూమన్ జేబులోంచి తన పేరున్న కార్డు తీసి ఇవ్వవలసి వచ్చింది. అనుకోకుండా ఆ రోజు ప్యూసీ కూడా అక్కడే ఉన్నారు. ముగ్గురు ముసలివాళ్ళు కలిసి భోంచేశారు. ముగ్గురూ ఒకచోట కూర్చోవటం అదే చివరిసారి. ఆరు నెలల తర్వాత, 1866 మార్చిలో, కీబుల్ గారు కన్నుమూశారు.

నేను పుస్తకం మూసేసింది ఇక్కడే. ఆరు నెలలు ఆలస్యమైతే ఆ భోజనం ఉండేది కాదు.

మిగతా జీవితం క్లుప్తంగా చెబుతాను. పాత స్నేహితులు ఇద్దరు ఆయనకు ఒక వయొలిన్ బహూకరించారు. చిన్ననాటి సరదా అరవై నాలుగో ఏట మళ్ళీ మొదలైంది. 1868లో ఒకరోజు లిటిల్‌మోర్ చర్చి గేటు దగ్గర, కోటు కాలరు పైకి లాక్కొని, ఏడుస్తూ నిలబడ్డ ఒక ముసలాయనను ఆ చర్చి యువ గురువు చూశారు. ఆయన న్యూమనే. తీసుకున్న నిర్ణయానికి చింతించని మనిషి కూడా, వదిలివచ్చిన చోటు కోసం ఏడవవచ్చునని నాకు అప్పుడు అర్థమైంది. 1878లో ట్రినిటీ కాలేజీ ఆయనను గౌరవ ఫెలోగా ఆహ్వానించింది. వెళ్ళి, అప్పటికి చూపు మందగించిన తన పాత ట్యూటరును కలిశారు. 1879లో పోపు పదమూడవ లియో గారు కార్డినల్ పదవి ఇచ్చారు. డెబ్బై ఎనిమిదో ఏట ఆ అనుమానాల మబ్బు తొలగిపోయింది.

పదవి వచ్చినా రోముకు మకాం మార్చలేదు. బర్మింగ్‌హామ్‌లోనే ఉండిపోయారు. 1889లో, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో, కాడ్బరీ చాక్లెట్ ఫ్యాక్టరీలో పనిచేసే కాథలిక్ ఆడపిల్లల తరఫున యజమానుల దగ్గరకు వెళ్ళారు. వాళ్ళది క్వేకర్ కుటుంబం. మాటలతోనే సమస్య తేలింది. ఆ పిల్లలు విడిగా ప్రార్థన చేసుకోవటానికి ఒక గది ఇచ్చారు. 1890 ఆగస్టు 11న న్యూమన్ కన్నుమూశారు. తనతో లిటిల్‌మోర్‌లో ఉండి, తనలాగే చర్చి మారి, ముప్పై ఏళ్ళు తోడుగా నిలిచి 1875లో మరణించిన ఆంబ్రోస్ సెయింట్ జాన్ సమాధిలోనే, ఆయన కోరిక మేరకు, ఆయననూ ఉంచారు. 2025లో పోపు పద్నాలుగవ లియో గారు ఆయనకు చర్చి పండితుడు అనే అరుదైన బిరుదు కూడా ఇచ్చారు.

ఇక నా సంగతి. పుస్తకం చదివిన తర్వాత కూడా వెంటనే కదలలేదు. అహం అంత త్వరగా వదలదు. 2021 నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వటానికి బయలుదేరి, బ్యాంకుకు పోకుండా మిత్రుడి వీధిలోకి మళ్ళాను. గేటు తీసిన మనిషి బాగా చిక్కిపోయి, మొహానికి మాస్కుతో, కొత్త కళ్ళద్దాలతో ఉన్నారు. ఎవరు కావాలని అడిగారు. నాకూ మాస్కు ఉంది. నేను నా పేరు చెప్పుకోవలసి వచ్చింది. కాసేపటికి వాళ్ళావిడ లోపలినుంచి వచ్చి, అన్నయ్యగారు ఎండలో నిలబడ్డారు, కుర్చీ వెయ్యండి అన్నారు. గేటు దగ్గర నేనన్న మాటకు క్షమించమన్నాను. ఆయన నా చేయి పట్టుకుని, ఆ రోజు తన దగ్గరా జవాబు లేదన్నారు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం కలిసే బ్యాంకుకు వెళ్ళాం. అప్పటి నుంచి ప్రతి నవంబరు అలాగే వెళుతున్నాం. ఆదివారం ఆయన వారి పూజకు, నేను మా ఆరాధనకు. ఆయన కాథలిక్ కావటం సరైనదని నేను నేటికీ అనుకోవటం లేదు. ఆయనకూ ఆ సంగతి తెలుసు. మధ్యాహ్నం భోజనం మాత్రం ఎవరో ఒకరి ఇంట్లో.

మన సభ్యుల్లో మతం విషయంలోనో, పార్టీ విషయంలోనో, పిల్లల పెళ్ళి విషయంలోనో ఇలా మాటలు ఆగిపోయినవారు ఉండవచ్చు. మన వయసులో ఆరు నెలలు తక్కువ కాలం కాదు. ముందుగా ఉత్తరం రాసిన కీబుల్ గారిని కూడా, న్యూమన్‌తో పాటు, గుర్తుంచుకోమని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.